వెయ్యి దాటిన ఊరు

రైలు ఇంకా రాలేదు గానీ, రైలు కోసమని ఊరు మాత్రం ముందే వచ్చి కూర్చుంది. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో బాదం తోటలు నరికేసి, ఆ చోట ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు నాలుగు వరసలు, నడుమ రాళ్ళు పరిచిన చిన్న ప్లాజా, ప్లాజాకి నాలుగు వైపులా నాలుగు ఆర్చ్‌లు కట్టి, ఆర్చర్డ్ జంక్షన్ అని పేరు పెట్టారు. తోట లేదు, జంక్షన్ ఇంకా కాలేదు. పేరు పెట్టినవాడెవడో గానీ గుండె ధైర్యం ఉన్నవాడే. ఊరి వెనకాల హైస్పీడ్ రైలు వంతెన స్తంభాలు మాత్రం బారులు తీరి నిలబడ్డాయి. వాటి మీద రైలు ఎప్పుడు నడుస్తుందని అడిగితే, సేల్స్ ఆఫీసులో అమ్మాయి చక్కగా నవ్వి, చల్లటి మంచినీళ్ళ సీసా తెచ్చి చేతిలో పెడుతుంది.

మంగళవారం పొద్దున ఆరున్నరకి చంద్రిక ఉత్తరం ఆర్చ్ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆఫీసున్న ఇర్వింగ్ నుంచి ముందు రోజు సాయంత్రం విమానం దిగింది. ఆమె పని మనుషుల్ని లెక్కపెట్టడం. నవ్వొస్తుంది గానీ, అమెరికాలో దీనికి కూడా మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. ప్రతి ఆర్చ్ పైనా ఒక సెన్సర్ ఉంది. కిందినుంచి ఎవరు దాటినా ఒకటి వేసుకుంటుంది. ఆ సెన్సర్ సరిగ్గా వేసుకుంటోందో లేదో ఒక మనిషి కూర్చుని చేత్తో లెక్కపెట్టి చూడాలి. ఎడమ చేతిలో, నొక్కితే అంకె ఒకటి పెరిగే క్లిక్కర్, ఒళ్ళో ప్యాడ్. గంటకో ఆర్చ్. పొద్దున మూడున్నర గంటలు, సాయంత్రం మూడు గంటలు, మూడు రోజులు. శుక్రవారం రిపోర్ట్ మీద సంతకం పెట్టి ఇస్తే, ఈ కొత్త ఊరు నిలదొక్కుకుందో లేదో కౌంటీ వాళ్ళు, అంటే ఇక్కడి జిల్లా అధికారులు, తేలుస్తారు.

మొదటి నిమిషంలోనే కుక్కతో ఒకావిడ దాటింది. కాఫీ షాపు తెరిచే అమ్మాయి దాటింది. ఆ తర్వాత ఒక పెద్దాయన వచ్చాడు. ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. ఇస్త్రీ చొక్కా ప్యాంటులోకి దోపుకుని, చేతులు వెనక కట్టుకుని, నేల వైపు చూసుకుంటూ నడుస్తున్నాడు. ఆమె పక్కనుంచి పోతూ గొంతులోనే "పదకొండు" అన్నాడు.

చంద్రికకి క్లిక్కర్ నొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఎవరి నోటి నుంచైనా తెలుగు మాట విని మూడు రోజులైంది, అదీ ఫోన్లో.

రెండు నిమిషాలకి ఆయన మళ్ళీ వచ్చాడు. "పన్నెండు." ఇంకో రెండు నిమిషాలకి మళ్ళీ. గంట పూర్తయ్యేసరికి ఆమె క్లిక్కర్ మీద యాభై తొమ్మిది ఉంది. అందులో ముప్పై ఆయనే. టాబ్లెట్ తెరిచి సెన్సర్ చూస్తే అదీ యాభై తొమ్మిదే అంది. దాని మటుకు అది పొరపాటు చెయ్యలేదు.

మధ్యాహ్నం మేనేజర్ రాకేష్‌కి ఫోన్ చేసింది. రాకేష్‌ది వరంగల్, ఇర్వింగ్‌లో ఆమె క్యూబికల్‌కి రెండు వరసల అవతల కూర్చుంటాడు.

"సెన్సర్‌తో నీ కౌంట్ మ్యాచ్ అయిందా?" అన్నాడు.

"అయింది. కానీ సగం పైన ఒక్కాయనే ఉన్నాడు రాకేష్. రౌండ్లు కొడుతున్నాడు."

"ఉంటే ఉండనీ. మనం వాలిడేట్ చేసేది సెన్సర్‌ని, మనుషుల్ని కాదు."

"ఫారంలో కామెంట్స్ బాక్స్ ఉంది కదా. మామూలుగా లేనిది ఏదైనా కనిపిస్తే రాయమని."

"ఉంది. ఎవరూ రాయరు దాంట్ల. నువ్వు రాస్తే కౌంటీ వాళ్ళు రిపీట్స్ తీసేసి మళ్ళీ చెయ్యమంటరు. ఊరు కట్టిన క్లయింట్‌కి రోజుకి వెయ్యి దాటాలి. ఇది దాటితే లైన్ మీద మిగతా స్టేషన్ టౌన్లన్నీ మనకే. నీ హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా ఈ ప్రాజెక్ట్ మీదనే ఫైల్ చేస్తున్నం, యాదికుంది కదా."

బెదిరించాడని చెప్పలేం. రేపు ఎండ ఎక్కువుంటుందని చెప్పే గొంతుతోనే చెప్పాడు. చంద్రిక సరేనని పెట్టేసి, హోటల్ గదిలో మంచం మీద కూర్చుని పెరుగన్నం డబ్బా ఖాళీ చేసింది.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి, సాయంత్రం లెక్క మొదలవ్వడానికి ముందు, ఆమె దక్షిణం ఆర్చ్ దగ్గర కుర్చీ విప్పుతుంటే సిటీ నుంచి వచ్చే బస్సు ఆగింది. ఏడుగురు దిగారు. చివర ఆయన. బస్సు మెట్టు కోసం కాలితో తడుముకుని దిగాడు. తిన్నగా ఆమె దగ్గరికి వచ్చి, మొహానికి బాగా దగ్గరగా వంగి చూశాడు.

"తెలుగువాళ్ళేనా అమ్మా? నిన్న నేను పదకొండు అంటే నువ్వు తలెత్తావు."

"అవునండీ. చంద్రిక. మాది ఖమ్మం."

"కేశవరావు. గుంటూరు. ముప్పై ఆరేళ్ళు డాక్టర్‌గా చేశాను. ఇప్పుడు ఊరికే నడుస్తున్నాను." పక్కనున్న అరుగు మీద కూర్చుని బూటు విప్పాడు. రెండు జతల సాక్సులు. మడమ దగ్గర బొబ్బ చితికి, సాక్సుకి అంటుకుపోయింది. జేబులోంచి ప్లాస్టర్ తీసి, కళ్ళకి ఆనించుకుని కాగితం ఊడదీసి, చూపుతో పని లేకుండా వేళ్ళతోనే సరిగ్గా అతికించుకున్నాడు.

"ఈ కాలితో ఇవాళ మానెయ్యకూడదా అంకుల్?"

"మానేస్తే ఎలా? నూట అరవై తగ్గుతుంది."

ఆమె చేతిలో క్లిక్కర్ వంక చూసి ఆయన నవ్వాడు. తర్వాత దాచుకోకుండా అంతా చెప్పేశాడు. దాచడానికి ఆయనకి అది తప్పులా కనిపించలేదు మరి.

ఆయనకి చూపు నడిమధ్యలో మచ్చ పడింది. డ్రైవింగ్ లైసెన్స్ పోయింది. భార్య లీల రెండేళ్ళుగా సిటీలో మతిమరుపు వాళ్ళ హోమ్‌లో ఉంది. పిల్లల్లేరు. గుమ్మంలో స్టేషన్, పద్దెనిమిది నిమిషాల్లో సిటీ అని బ్రోషర్‌లో చదివి, శాన్ రామన్‌లో ఇల్లు అమ్మేసి ఇక్కడ కొన్నాడు. రైలు వచ్చేదాకా కౌంటీ వాళ్ళు ఒక బస్సు వేశారు. పొద్దున పదింటికి పోయి మధ్యాహ్నం మూడున్నరకి వస్తుంది. ఇక్కడికి రమ్మంటే టాక్సీవాడు రాడు. ఈ ఫ్లాట్ అమ్ముదామంటే, సగం ఊరు ఖాళీగా ఉంటే కొనేవాడెవడు? ఆయనకి ఆవిడ దగ్గరికి దారంటే ఆ బస్సొక్కటే.

"జనవరిలో లిఫ్ట్‌లో నోటీసు పెట్టారు. రోజుకి వెయ్యి లెక్కని బట్టి బస్సు సంగతి మే నెలలో తేలుస్తారట. మూడు నెలల సగటు చూస్తారు. అప్పుడు ఏడు వందలు కూడా లేదు. నేను కూర్చుని లెక్క వేశాను. ఒక్క రౌండ్ కొడితే నాలుగు ఆర్చ్‌లు, నాలుగు మార్కులు. పొద్దున నలభై, సాయంత్రం నలభై. మొత్తం మూడు వందల ఇరవై." చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. "ఫిబ్రవరి నుంచి ఒక్క రోజు తప్పలేదు. వాన రోజు కూడా."

చంద్రికకి నవ్వొచ్చింది, వెంటనే నవ్వు పోయింది. "ఒక్క ఆర్చ్ కిందే నిలబడి అటూ ఇటూ అడుగేస్తే అరగంటలో అయిపోతుంది కదా అంకుల్. ఈ కాలికి ఇంత శిక్ష ఎందుకు?"

ఆయనకి కోపమొచ్చింది. "అది కాపీ కొట్టడం అమ్మా. నడవడం చదివి రాయడం. నేను జన్మలో కాపీ కొట్టలేదు." బూటు తొడుక్కుని, లేస్ బిగించి లేచాడు. దక్షిణం ఆర్చ్ దాటుతూ "ఒకటి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె క్లిక్కర్ నొక్కిన ప్రతిసారీ ఆయన మడమ వైపు చూసింది.

గురువారం పొద్దుటి లెక్క అయ్యాక తనూ బస్సెక్కింది. ఎందుకెక్కావంటే తనకే తెలీదు. హోటల్ గదిలో చెయ్యడానికేమీ లేదన్నది కొంత కారణం. కేశవరావు ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టి, దారి పొడుగునా తనకి కనిపించనివన్నీ చూపించాడు. ఇదిగో ఇక్కడ ద్రాక్ష తోట ఉండాలి, ఇక్కడ కాలవ వస్తుంది. అన్నీ సరిగ్గా ఆయన చెప్పిన చోటే వచ్చాయి.

హోమ్‌లో లీల ఒక బల్ల దగ్గర కూర్చుని కాగితపు నాప్‌కిన్లు మడతపెడుతోంది. చిన్న మనిషి, తెల్లటి జుట్టు. కేశవరావు సంచిలోంచి కొబ్బరి నూనె సీసా, దువ్వెన తీశాడు. ఆవిడ వెనక నిలబడి, అరచేతిలో నూనె రుద్దుకుని, మాడుకి పట్టించాడు. పాయలు మూడూ సమానంగా వచ్చాయో లేదో వేళ్ళతో కొలిచి జడ అల్లడం మొదలుపెట్టాడు. లీల కళ్ళు మూసుకుంది.

"మీ చెయ్యి మెత్తన డాక్టర్ గారూ," అంది కాసేపటికి. తెలుగు చక్కగానే ఉంది. "మా వారికి చెప్పండి. ఒక్కసారైనా వచ్చి చూడరు. ఆయనకి పేషెంట్లే లోకం."

"చెబుతానమ్మా. బయల్దేరారట. దార్లో ఉన్నారు," అన్నాడు కేశవరావు.

"రోజూ అదే చెబుతారు మీరు."

"రోజూ బయల్దేరుతున్నారు మరి."

చంద్రిక లేచి మంచినీళ్ళ వంకతో బయటికి వెళ్ళిపోయింది. నడవాలో గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చింది. తన ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో చప్పుడుండదు. తను ఎక్కడికైనా బయల్దేరితే దారి చూసేవాళ్ళు ఒక్కరూ లేరన్న మాట ఎందుకో అక్కడే, ఎవరిదో హోమ్‌లో గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున ప్యాడ్ ముందు పెట్టుకుని కూర్చుంది. మూడు నెలల సగటు వెయ్యీ ఇరవై నాలుగు. సెన్సర్ పనితీరు సరిగానే ఉంది. కింద కామెంట్స్ బాక్స్. అందులో రెండు లైన్లు రాస్తే ఆయన మూడు వందల ఇరవై తీసేస్తారు, ఏడు వందలు మిగులుతుంది, బస్సు పోతుంది. రాకేష్ మాటకి భయపడి ఖాళీగా వదిలేసిందని ఎవరైనా అనుకోవచ్చు. అది నిజం కాదు. ఆ ముసలాయన పాస్ అవ్వాలని వదిలేసింది. ఎంసెట్‌లో కటాఫ్, క్యాంపస్‌లో కటాఫ్, వీసా లాటరీలో నంబర్ చూసుకుంటూ పెరిగిన పిల్లకి, గీత అన్నది దాటడానికే ఉంటుందని తప్ప ఇంకోలా తోచదు. సంతకం పెట్టి పంపేసింది.

సాయంత్రం నాలుగింటికి క్లబ్ హౌస్‌లో మీటింగ్. పాతిక మంది వచ్చారు. కేశవరావు కోటు వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. ముందు సేల్స్ మేనేజర్ లేచి తెర మీద బొమ్మలు చూపించాడు. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో హైస్పీడ్ స్టేషన్ల చుట్టూ ఎదిగిన కొత్త ఊళ్ళు, వాటిలో ఆఫీసులు, బజార్లు, జనం. అక్కడ రైలు కూడా ఉందన్న సంగతి ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు. ఆ వరసలో ఐదో బొమ్మగా ఆర్చర్డ్ జంక్షన్ ప్లాజా పెట్టాడు.

తర్వాత కౌంటీ ఆవిడ లేచింది. మంచి మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. మూడు నెలల సగటు వెయ్యి దాటిందని చెప్పింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కేశవరావు. వెనక్కి తిరిగి, ఎక్కడుందో కనిపించకపోయినా చంద్రిక ఉన్న వైపు తల ఊపాడు.

"ఇది మాకు చాలా సంతోషం," అంది కౌంటీ ఆవిడ. "కొత్త ఊరు నడక నేర్చుకునేదాకా మేం చెయ్యి పట్టుకుంటాం. వెయ్యి దాటిందంటే ఇక తన కాళ్ళ మీద తను నిలబడినట్టే. అందుకని ఒప్పందం ప్రకారం మీ స్టార్టర్ బస్ మే ముప్పై ఒకటితో పూర్తవుతుంది. దాన్ని లైన్ మీద తర్వాతి ఊరికి పంపుతున్నాం. వాళ్ళకింకా నాలుగు వందలే వస్తోంది, పాపం."

మళ్ళీ చప్పట్లు. ఈసారి కేశవరావు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కాసేపటికి ఒక చెయ్యి పైకి లేచింది.

"మేడమ్, వెయ్యి రాకపోతే?" అన్నాడు ఇంగ్లీషులో.

"రాకపోతే ఇంకో సంవత్సరం ఉండేది. ఆ అవసరం లేకుండా చేశారు మీరంతా."

చంద్రిక లేచి నిలబడింది. ఆ రిపోర్ట్‌లో కామెంట్స్ బాక్స్ తను కావాలనే ఖాళీగా వదిలేశానని, వెయ్యిలో మూడో వంతు మనుషులు కాదని, ఒకే మనిషి నడక అని చెప్పింది. కౌంటీ ఆవిడ కాగితాలు తిరగేసి, "పొద్దున మీరే సంతకం పెట్టారు కదా," అంది, నిజంగానే అర్థం కాక. "దిద్దుబాటు పంపితే తీసుకుంటాం. కానీ అది తర్వాతి సమీక్షకి వెళ్తుంది. అక్టోబర్‌లో."

అప్పుడు కేశవరావు లేచాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. "ఆ అమ్మాయి తప్పు లేదు. ఆ వెయ్యిలో మూడు వందల ఇరవై నేను. రోజూ ఎనభై రౌండ్లు," అన్నాడు.

తర్వాత ఎవరో మెల్లగా నవ్వారు, మంచి నవ్వే. ఆ వయసులో ఎనభై రౌండ్లా అనుకున్నారు. సేల్స్ మేనేజర్ దగ్గరికొచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, ఇలాంటివాళ్ళే ఈ ఊరికి ప్రాణం అన్నాడు. ఫోటో కూడా తీయించాడు. జనమంతా ఆయన కోసం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. కేశవరావు అవి అయ్యేదాకా నిలబడ్డాడు, మధ్యలో కూర్చుంటే మర్యాద కాదని.

శనివారం సాయంత్రం చంద్రిక విమానం. ముందు రోజే దిద్దుబాటు రాసి కౌంటీకి పంపింది, రాకేష్‌కి కాపీ పెట్టింది. సోమవారం హెచ్ఆర్‌తో కలిపి మాట్లాడదామని రాకేష్ ఒక్క లైను రాశాడు. ఎక్స్‌టెన్షన్ ఊసు లేదు. ఆ లైను చదివి ఫోన్ బ్యాగులో పడేసి, ఉదయం ఎనిమిదింటికి కేశవరావు ఫ్లాట్ తలుపు కొట్టింది. క్షమించమని అడుగుదామనుకుంది.

తలుపు తెరిచే ఉంది. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాగితం మొహానికి ఆనించుకుని పెన్సిల్‌తో ఏదో గీస్తున్నాడు. బల్ల నిండా అలాంటి కాగితాలే. అన్నిటి మీదా గడియారాలు.

"రా అమ్మా. మంచి టైమ్‌కి వచ్చావు. ఇది చూడు, పదకొండూ పది చూపించమంటారు. ముళ్ళు తప్పు పెట్టాను. బాగుందా?"

"ఏంటంకుల్ ఇవి?"

"మెమరీ టెస్ట్. నేనే ఎన్ని వందల మందికి పెట్టానో. హోమ్‌లో భార్యాభర్తలకి కలిపి గది ఉంది. ఇద్దరికీ మతిమరుపు ఉంటేనే ఇస్తారు. కిందటేడు అడిగితే నాకూ పెట్టారు ఈ టెస్ట్." పెన్సిల్ కింద పెట్టాడు. "బుద్ధి గడ్డి తిని, ముప్పైకి ముప్పై తెచ్చుకున్నాను."

చంద్రిక కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం తీసుకుని చూసింది. ముళ్ళు తప్పే గానీ, అంకెలు పన్నెండూ అచ్చు వేసినట్టు వరసగా ఉన్నాయి.

"అంకెలు మరీ నీట్‌గా ఉన్నాయంకుల్. నమ్మరు."

"అదే నా బాధ. చెయ్యి వినదు. నిన్న సాయంత్రం ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారు మళ్ళీ. కాస్త నన్ను అడుగు, ప్రాక్టీస్ చేస్తాను." ఆమె అడక్కుండానే, "ఇది కాపీ కాదులే," అన్నాడు. "ఇది ఫెయిలవడం. ఎవడి సీటూ లాక్కోవడం లేదు."

వద్దని చెప్పాలనిపించింది. పరాయి దేశంలో, చూపు లేని మనిషి, బుద్ధి చక్కగా ఉండగా ఆ తాళాలేసిన తలుపుల వెనక్కి వెళ్ళి కూర్చోవడం ఏమిటని అడగాలనిపించింది. కానీ గురువారం ఆ జడ అల్లిన వేళ్ళు ఇప్పుడు బల్ల మీద ఊరికే పడి ఉన్నాయి. ఏ నోటితో వద్దంటుంది?

"ఇవాళ ఏ వారం?" అని అడిగింది.

"శనివారం." నాలిక కరుచుకున్నాడు. "ఉండుండు. మంగళవారం."

"వందలోంచి ఏడు తీసెయ్యండి. అలా తీసేసుకుంటూ పోండి."

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై..." ఆగలేకపోయాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"రెండోదే తప్పాలి అంకుల్. తొందరపడకండి. గుర్తు రానట్టు కిటికీ వైపు చూడండి."

ఆయన కిటికీ వైపు చూశాడు. కింద ప్లాజా ఖాళీగా ఉంది. "తొంభై మూడు," అని చాలాసేపు ఆగి, "ఎనభై," అన్నాడు.

"గుడ్."

గంటన్నర అలా కూర్చున్నారు. ఆయన మంచి విద్యార్థి. చెప్పిన మూడు మాటల్లో రెండు మర్చిపోవడం నేర్చుకున్నాడు. ఏ సంవత్సరం అంటే పదేళ్ళ వెనక్కి వెళ్ళాడు. ఏ ఊళ్ళో ఉన్నారంటే గుంటూరు అన్నాడు. ఆ జవాబు మాత్రం ఎంత సులువుగా వచ్చిందంటే, చంద్రిక పెన్సిల్ ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"ఇంట్లో వాళ్ళ పేర్లు కూడా అడుగుతారు," అన్నాడు ఆయనే. "అడుగు."

"మీ ఆవిడ పేరు?"

"లీల."

"తప్పు చెప్పాలంకుల్."

"తెలుసు. మళ్ళీ అడుగు."

"మీ ఆవిడ పేరేంటండీ?"

ఆమె చెప్పినట్టే ఆయన కిటికీ వైపు చూశాడు. కాసేపు ఆగాడు. పెదవులు ఇంకేదో పేరు కోసం కదిలాయి.

"లీల," అన్నాడు.

చంద్రిక మళ్ళీ అడిగింది.